ఈతకు దిగే గుంత కాదు, ఊరు తాగే బావి

మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పానికి వెళ్లే పర్యాటకులు సముద్రతీరం, మాయా నాగరికత శిథిలాలు చూశాక తప్పకుండా వెతుక్కుంటూ వెళ్లే చోటు మరొకటుంది. దాని పేరు సెనోటే. అడవి మధ్యలో సున్నపురాతి నేల కుంగి ఏర్పడిన గుంత, దాని అడుగున తేటగా మెరిసే నీలి నీరు. మెట్ల మీదుగా కిందికి దిగి, కళ్లకు మాస్కు తగిలించుకుని, నోట్లో గాలిగొట్టం పెట్టుకుని నీటిలోకి ముఖం వంచితే లోపలి రాతిగోడలు, చీకటి సొరంగాల మొదళ్లు గాజులోంచి చూసినట్టు కనిపిస్తాయి. దీన్నే స్నార్కెలింగ్ అంటారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కూడా కాన్‌కూన్, తులుమ్ వైపు సెలవులకు వెళ్లేవారున్నారు. ఈ నీలి గుంతల ఫొటోలు అలా తెలుగు ఇళ్ల ఫోన్లలోకీ చేరుతున్నాయి.

ఆ ఫొటోల్లో కనపడని సంగతి ఒకటుంది. సెనోటే చెరువు కాదు, ఈతకొలను అంతకంటే కాదు. ఆ ప్రాంతమంతా తాగే భూగర్భజలానికి అది పైకి తెరుచుకున్న నోరు. తెలుగు పల్లెల్లో మంచినీళ్ల బావి దగ్గర కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గట్టు మీద బట్టలు ఉతకకూడదు, సబ్బునీళ్లు లోపలికి జారకూడదు, పిల్లలు ఈత నేర్చుకోవాలంటే పొలంలోని దిగుడు బావికి పోవాలి. సెనోటే విషయంలో ఈ రెండు బావులూ ఒకటే. ఈత కొట్టే నీరూ అదే, తాగే నీరూ అదే.

అలాగని అందులోకి ఎవరూ దిగకూడదనడం సరైన జవాబు కాదు. దిగేవారి ఒంటికి ఏ లోషన్ రాసుకున్నారని అడగడంతోపాటు, వారు ఆ రాత్రి బస చేసే హోటల్ మురుగు ఎక్కడికి పోతోందని కూడా అడగాలి. ఈ రెంటిలో రెండో ప్రశ్నే పెద్దది. ప్రవేశద్వారం దగ్గర మాత్రం మొదటి ప్రశ్న ఒక్కటే వినిపిస్తోంది. అసలు లోపం అక్కడుంది.

నదులు లేని నేల

యుకతాన్ ఉత్తర భాగంలో చెప్పుకోదగ్గ నది ఒక్కటి కూడా నేల మీద పారదు. వర్షాలకు కొరత ఉండి కాదు. కురిసిన నీరు పైన నిలవదు, అంతే. అక్కడి నేల దాదాపు మొత్తం సున్నపురాయి. మట్టి పొర చాలా పలుచన, కొన్నిచోట్ల రాయి నేరుగా పైకి తేలి ఉంటుంది. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడును పీల్చుకుని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. సోడా నీటిలో ఉండే ఆమ్లం కూడా ఇదే. ఈ ఆమ్లం సున్నపురాతి పగుళ్లలోకి దిగి రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల, లక్షల ఏళ్లకు వెంట్రుకవాసి పగుళ్లు మనిషి పట్టే సొరంగాలవుతాయి. సొరంగాలు గుహలవుతాయి. ఇలా కరిగి గుల్లబారిన భూభాగాన్ని భూగర్భశాస్త్రంలో కార్‌స్ట్ అంటారు.

గుహ పైకప్పు తన బరువును తాను మోయలేని రోజు వస్తుంది. గుహ నిండా నీరున్నంత కాలం ఆ నీరు పైకప్పుకు కొంత ఆసరా ఇస్తుంది. నీటిమట్టం పడిపోతే ఆ ఆసరా పోయి పైకప్పు కూలుతుంది. నేల మీద గుండ్రటి రంధ్రం తెరుచుకుంటుంది. అదే సింక్‌హోల్. యుకతాన్‌లో భూగర్భజలం పైకి దగ్గరగా ఉండడం వల్ల ఆ రంధ్రం అడుగున నీరు కనిపిస్తుంది. మాయా భాషలో దీన్ని 'జొనోత్' అనేవారు. స్పానిష్ వారి నోట అది సెనోటే అయింది.

అనేక సెనోటేల్లో నీటి అడుగున కూడా పైకప్పు నుంచి వేలాడే సున్నపు స్తంభాలు, స్టాలక్టైట్లు, కనిపిస్తాయి. గాలి ఉన్న గుహలో చుక్క చుక్కగా కారే నీటిలోని సున్నం పేరుకుంటేనే ఇవి ఏర్పడతాయి. కాబట్టి ఈ గుహలు ఒకప్పుడు పొడిగా ఉండేవన్నమాట. గడచిన మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి వచ్చినప్పుడు దానితోపాటు భూగర్భజలం కూడా పైకి లేచి గుహలను ముంచేసింది. ఈతగాడి కాళ్ల కింద కనిపించే స్తంభాలు ఆ పాత కాలానికి సాక్ష్యాలు.

ద్వీపకల్పం వాయవ్య భాగంలో సెనోటేలు మరో విచిత్రమైన కథ చెబుతాయి. అవి అక్కడ ఒక పెద్ద అర్ధచంద్రాకారంలో వరుసగా ఉంటాయి. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం డైనోసార్ల అంతానికి కారణమైన గ్రహశకలం పడి ఏర్పడిన చిక్షులుబ్ బిలం అంచు సరిగ్గా అదే. దాని వ్యాసం దాదాపు 180 కిలోమీటర్లు. తర్వాతి కాలంలో పేరుకున్న సున్నపురాయి కింద అది పూడిపోయింది. ఆ అంచు వెంబడి నేల పగుళ్లలో నీరు ఎక్కువగా కదలడం వల్ల రాయి అక్కడ ఎక్కువగా కరిగింది. ఈ 'సెనోటేల వలయా'న్ని 2009లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేర్చారు.

ఊర్లు ఎక్కడ వెలిశాయో చూస్తే ఈ నీటి విలువ తెలుస్తుంది. ప్రపంచ ప్రసిద్ధమైన మాయా నగరం చిచెన్ ఇట్సా పేరుకు అర్థం 'ఇట్సా జనుల బావి నోటి దగ్గర' అని. అక్కడి పవిత్ర సెనోటేలో దేవతలకు అర్పణలు వేసేవారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో దాన్ని తవ్వినప్పుడు బంగారం, పచ్చలాంటి జేడ్ రాయి, సాంబ్రాణి ముద్దలు, మనుషుల ఎముకలు బయటపడ్డాయి. అదే నగరంలో ష్‌తొలోక్ అనే మరో సెనోటే రోజువారీ నీటి అవసరాలు తీర్చేదని పురావస్తు పరిశోధకులు భావిస్తారు. పూజ నీరు వేరు, తాగే నీరు వేరు అన్న ఎరుక అక్కడి జనానికి నాడే ఉందన్నమాట. నేటికీ యుకతాన్‌లో తాగునీటికి, సాగునీటికి, హోటళ్ల అవసరాలకు దాదాపు పూర్తి ఆధారం భూగర్భజలమే. మరో నీటి వనరు లేదు.

నేల కింద గొట్టాలు

ఇసుక, మట్టి పొరల్లోంచి నీరు ఇంకేటప్పుడు అది నెమ్మదిగా వడపోతకు గురవుతుంది. మట్టి రేణువులకు మలినాలు అంటుకుపోతాయి, సూక్ష్మజీవులు కొన్నింటిని తినేస్తాయి. కార్‌స్ట్ నేలలో ఈ సదుపాయం లేదు. పైన పడినది పగుళ్లలోంచి నేరుగా సొరంగాల్లోకి దిగుతుంది. అక్కడి నుంచి అది గొట్టంలో పోయినట్టు పోతుంది. మామూలు భూగర్భజలం ఏడాదికి కొన్ని మీటర్లో, కొన్ని పదుల మీటర్లో కదిలితే, కార్‌స్ట్ సొరంగాల్లో నీరు ఒక్కరోజులోనే వందల మీటర్లు, కొన్నిచోట్ల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది.

ఈ సొరంగాలు ఎంత పొడవున అల్లుకుని ఉన్నాయో గజఈతగాళ్లు తాళ్లు కట్టుకుంటూ పోయి కొలుస్తున్నారు. తులుమ్ దగ్గరి సాక్ ఆక్తున్, దోస్ ఓహోస్ అనే రెండు గుహా వ్యవస్థలు నిజానికి ఒకటేనని 2018 జనవరిలో తేలింది. కలిపి కొలిస్తే నీట మునిగిన సొరంగాల పొడవు 347 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాటి ఏలూరు సమీపానికి వెళ్లినంత దూరం. పర్యాటకులకు వేర్వేరు పేర్లతో, వేర్వేరు టికెట్లతో కనిపించే అనేక సెనోటేలు ఇలా నేల కింద ఒకే నీటికి కిటికీలు. ఒక కిటికీలోంచి పడినది మరో కిటికీ దగ్గర తేలవచ్చు.

తీరానికి దగ్గరి సెనోటేల్లో ఇంకో విశేషం ఉంటుంది. పైన వాన నీటి తియ్యటి పొర, కింద సముద్రం నుంచి చొరబడిన ఉప్పునీటి పొర. ఉప్పునీరు బరువైంది కాబట్టి అడుగున ఉంటుంది. రెండూ కలిసే చోటును హాలోక్లైన్ అంటారు. అక్కడ కాంతి వంకరపోయి, ఎండకు తారు రోడ్డు మీద గాలి అలలాడినట్టు నీరు మసకగా కదులుతుంది. ఆ కలయికలో రాయిని కరిగించే శక్తి పెరుగుతుంది. గుహలు ఇంకా తయారవుతున్నది ఎక్కువగా అక్కడే. పై పొరలోని తియ్యటి నీరు చివరికి తీరం వెంట ఊటలుగా సముద్రంలోకి చేరుతుంది. అక్కడ ప్రపంచంలో రెండో అతిపెద్దదిగా చెప్పే మీసోఅమెరికన్ పగడపు దిబ్బల వరుస ఉంది. సెనోటేలో కలిసినది పగడాల దాకా పోతుంది.

ఈ చీకటి నీటిలో జీవం కూడా ఉంది. కళ్లు లేని తెల్లటి చేపలు, గుడ్డి ఈల్ చేపలు, రొయ్యలను పోలిన చిన్న జీవులు ఎన్నో తరాలుగా వెలుతురు చూడకుండా బతుకుతున్నాయి. రెమిపీడ్ అనే ఒక క్రస్టేషియన్ తన ఎరను విషంతో చంపుతుందని 2013లో శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ఆ వర్గం జీవుల్లో విషం ఉన్నట్టు తేలడం అదే మొదటిసారి. ఎండ తగలని చోట వీటికి తిండి ఎక్కడిదన్న ప్రశ్నకు 2017లో ఒక జవాబు దొరికింది. పైనున్న అడవి మట్టిలో పుట్టిన మీథేన్ కిందికి దిగుతుంది, దాన్ని బాక్టీరియా తింటాయి, బాక్టీరియాను చిన్న జీవులు తింటాయి. అంటే ఈ గుహల ఆహార గొలుసు మొదలయ్యేది పైనున్న అడవి నేల నుంచి. అడవి పోతే చీకట్లోని చేపకు కూడా తిండి పోతుంది.

మనుషుల చరిత్ర కూడా ఈ నీటిలో భద్రంగా ఉంది. హోయో నెగ్రో అనే లోతైన గుంత అడుగున 2007లో గజఈతగాళ్లకు దొరికిన ఒక యుక్తవయసు బాలిక అస్థిపంజరం 12,000 ఏళ్లకు పైబడిన నాటిది. అమెరికా ఖండాల్లో దొరికిన అతి పురాతన మానవ అవశేషాల్లో అది ఒకటి. గుహ పొడిగా ఉన్న రోజుల్లో ఆమె అందులో పడిపోయి ఉంటుంది. తర్వాత నీరు వచ్చి ఆమెను కాపాడింది.

ఒంటి మీది లోషన్ లెక్క

ఇంత నీటిలో ఒక మనిషి ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్ ఏపాటిది అనిపించవచ్చు. చిన్న లెక్క వేసి చూడవచ్చు. చర్మవైద్యులు చెప్పే మోతాదు ప్రకారం పెద్దవారు ఒళ్లంతా రాసుకుంటే దాదాపు 30 గ్రాములవుతుంది. రోజుకు 500 మంది ఒక సెనోటేలో దిగారనీ, రాసుకున్నదాంట్లో నాలుగో వంతు నీటిలో కలిసిందనీ అనుకుంటే, రోజుకు 3.75 కిలోలు. ఏడాది పొడవునా అలాగే సాగితే 1,300 కిలోలు దాటుతుంది. ఇది కేవలం ఊహా లెక్కే. కానీ ఒకరికి చిటికెడుగా కనిపించేది అందరికీ కలిపితే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. దోమల మందు, జుట్టు నూనె, సుగంధాలు దీనికి అదనం.

సన్‌స్క్రీన్‌లోని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేయవచ్చన్న ప్రయోగశాల ఆధారాలతో హవాయి రాష్ట్రం వాటి అమ్మకాన్ని 2021 జనవరి నుంచి నిలిపివేసింది. పలావు దేశం 2020 నుంచే ఇలాంటి నిషేధం పెట్టింది. సముద్రంలో ఈ హాని ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది. సముద్రం విశాలమైనది, నిరంతరం కదిలేది. కప్పు కింద, నీడలో, ఎండ తగలక రసాయనాలు విరగని చోట పరిస్థితి వేరు. అందుకే చాలా సెనోటేల్లో దిగేముందు షవర్ కింద స్నానం తప్పనిసరి చేశారు. అది మంచి నియమమే.

అయితే 'పర్యావరణహితం' అన్న ముద్ర ఉన్న లోషన్‌కు మినహాయింపు ఇవ్వడం అంత మంచిది కాదు. ఆ ముద్రకు అన్ని దేశాలకూ ఒకే నిర్వచనం లేదు. నెమ్మదిగా విరిగిపోయే పదార్థమైనా తాగే నీటిలో విరగడం ఎందుకు? సెనోటే లోపల నీడే ఎక్కువ. అక్కడ లోషన్ అవసరం తక్కువ. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే ఎండ నుంచి రక్షణ దొరుకుతుంది, నీటిలో కలిసేదీ ఉండదు. చర్మ క్యాన్సర్ భయమున్నవారికి కూడా బట్ట లోషన్ కంటే తక్కువ రక్షణేమీ ఇవ్వదు. కాబట్టి నియమం 'ఫలానా లోషన్ వాడండి' అని కాకుండా 'ఏ లోషనూ వద్దు, బట్ట వేసుకోండి' అని ఉండాలి.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. స్టాలక్టైట్లను చేత్తో పట్టుకోకూడదు. చర్మం మీది జిడ్డు అంటితే కొత్త సున్నం అక్కడ పట్టదు. వందేళ్లలో సెంటీమీటరు పెరిగే స్తంభం ఒక్క చేయి తగిలి ఆగిపోవచ్చు, విరగనూ వచ్చు. అడుగున ఉన్న మెత్తటి బురదను కాళ్లతో రేపకూడదు. స్నార్కెలింగ్ చేసేవారు పగటి వెలుతురు కనిపించే చోటును దాటి లోపలికి పోకూడదు. నీటి గుహలో పైకి లేస్తే గాలి దొరకదు, రాయి తగులుతుంది. శిక్షణ పొందిన గజఈతగాళ్లు కూడా తాడు లేకుండా సొరంగంలోకి వెళ్లరు. లైఫ్ జాకెట్ వేసుకోమనడం అందుకే. అది ఈత రానివారికి మాత్రమే అనుకోవడం పొరపాటు.

అసలు బరువు ఎక్కడుంది

ఇవన్నీ పాటించినా సమస్యలో చిన్న భాగమే తీరుతుంది. తీరప్రాంతంలోని నీట మునిగిన గుహల్లో పరిశోధకులు నీటి నమూనాలు సేకరించి 2011లో ఫలితాలు ప్రచురించారు. మందుల అవశేషాలు, షాంపూ, టూత్‌పేస్టు వంటి వాటిలోని రసాయనాలు, పురుగుమందులు, రోడ్ల మీది నుంచి కొట్టుకొచ్చిన హైడ్రోకార్బన్లు, చివరికి మాదకద్రవ్యాల ఆనవాళ్లు కూడా వాటిలో కనిపించాయి. ఇవన్నీ ఈతగాళ్ల ఒంటి నుంచి రాలినవి కావు. మనిషి మింగిన మాత్ర, తాగినది, పీల్చినది మూత్రంలో కలిసి మరుగుదొడ్డి గుండా వచ్చినవి. సెప్టిక్ ట్యాంకు అడుగున పగులు ఉన్నా, మురుగును శుద్ధి చేయకుండా నేలలోకి వదిలినా కార్‌స్ట్ నేల దాన్ని ఆపదు.

అంటే ఉదయం సెనోటే ద్వారం దగ్గర బుద్ధిగా షవర్ స్నానం చేసి లోషన్ కడుక్కున్న పర్యాటకుడు, సాయంత్రం హోటల్ మరుగుదొడ్డి ద్వారా అదే నీటికి ఎక్కువ హాని చేస్తూ ఉండవచ్చు. అతనికి ఆ సంగతి తెలియదు. షవర్‌లో కడిగిన లోషన్ ఎటు పోయిందని అడిగేవారు కూడా తక్కువే. ఆ నీరు సరైన శుద్ధి లేకుండా నేలలో ఇంకితే, కొన్ని మీటర్ల దూరం తిరిగి సెనోటేకే చేరుతుంది.

తీరం వెంట హోటళ్లు, ఇళ్ల స్థలాలు పెరిగినంత వేగంగా మురుగు శుద్ధి పెరగలేదు. లోతట్టు ప్రాంతంలో పెద్ద పెద్ద పందుల ఫారాలు వెలిశాయి. ఇటీవల కట్టిన మాయా రైలు మార్గంలో ఒక భాగాన్ని గుహల పైకప్పుల్లోంచి కిందికి దింపిన ఉక్కు స్తంభాల మీద నిలబెట్టారు. వీటి పక్కన పెట్టి చూస్తే ఒక స్నార్కెలర్ కాలి కింద రేగిన బురద లెక్కలోకి రాదు. పర్యాటకుణ్ణి ఒక్కణ్ణే వేలెత్తి చూపడం సులువు, చౌక. అందువల్లే అది ఎక్కువగా జరుగుతుంది.

ఈతగాళ్లు సాక్షులు కూడా

అలాంటప్పుడు అన్ని సెనోటేలనూ మూసేయడమే మేలు కదా అన్న వాదన ఉంది. గుహాజీవుల మీద పనిచేసేవారు కొందరు ఆ మాట గట్టిగానే అంటారు. వారి ఆందోళనలో నిజముంది. కళ్లు లేని చేప ఒక గుహా వ్యవస్థలో అంతరిస్తే మరోచోటి నుంచి తెచ్చి వదలడం కుదరదు. కానీ ఒమున్ అనే చిన్న ఊరి అనుభవం ఈ వాదనకు మరో వైపు చూపిస్తుంది.

ఒమున్ సెనోటేల వలయంలోని మాయా ఊరు. అక్కడి కుటుంబాలు తమ సెనోటేలను చిన్న స్థాయిలో సందర్శకులకు చూపించి బతుకుతున్నాయి. మోటారు రిక్షాల్లో జనాన్ని తీసుకెళ్లడం, వంట చేసి పెట్టడం, మెట్లు, తాళ్లు చూసుకోవడం వారి పని. ఊరికి దగ్గరలో దాదాపు 49,000 పందులను పెంచే ఫారానికి అనుమతి వచ్చినప్పుడు ఊరు ఒప్పుకోలేదు. 2017లో ఊరివారు తమంతట తామే అభిప్రాయ సేకరణ జరిపి పెద్ద మెజారిటీతో వద్దన్నారు. ఊరి పిల్లల తరఫున కోర్టుకు వెళ్లారు. 2018లో న్యాయమూర్తి ఫారం పనిని నిలిపివేయమన్నారు. 2021లో మెక్సికో సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను సమర్థించింది. పిల్లలకు ఆరోగ్యకరమైన పర్యావరణం హక్కు అన్నది ఆ కేసులో కీలకాంశం.

ఆ నీరు ఎవరికీ కనిపించకుండా నేల కింద ఉండి ఉంటే ఊరు అంత గట్టిగా నిలబడేదా అన్నది ఆలోచించాల్సిన విషయం. భూగర్భజలానికి ఉన్న పెద్ద శాపం అది కనిపించకపోవడమే. చెరువు ఎండితే ఊరంతా చూస్తుంది, నది నురగ కక్కితే టీవీలో వస్తుంది. బోరులో నీరు పాడైతే ఏళ్ల తరబడి తెలియదు. సెనోటే ఆ నీటిని కళ్లముందు పెడుతుంది. అందులో దిగి చూసినవారికి భూగర్భజలమంటే పాఠ్యపుస్తకంలోని బొమ్మ కాదు, ఒంటికి తగిలిన చల్లదనం. దాని మీద బతికే కుటుంబానికి అది కాపాడుకోవాల్సిన ఆస్తి. కాబట్టి ఈతను ఆపడం కంటే దాన్ని కాపలాగా మార్చడం తెలివైన పని.

అందుకు నియమాలు మారాలి. మొదటిది, అన్ని సెనోటేలనూ ఒకే గాటన కట్టకూడదు. అరుదైన జీవులు, పురావస్తు అవశేషాలు ఉన్నవాటిని పూర్తిగా మూసి ఉంచాలి, మిగిలినవాటిలో రోజుకు ఇంతమందే అన్న పరిమితి ఉండాలి. రెండోది, టికెట్ డబ్బులో కొంత భాగం నీటి పరీక్షకు కేటాయించాలి. మల బాక్టీరియా ఎంత, నైట్రేట్ ఎంత అన్న ఫలితాలను తేదీతో సహా ద్వారం దగ్గర బోర్డు మీద రాయాలి. ధర రాసినంత పెద్ద అక్షరాలతో రాస్తే చాలు, అడిగేవారు పుడతారు. మూడోది, సెనోటే దగ్గరి షవర్లు, మరుగుదొడ్ల నీరు నేలలో ఇంకకుండా శుద్ధి కావాలి. నాలుగోది, చుట్టూ ఉన్న హోటళ్ల మురుగు శుద్ధిని సెనోటే నిర్వహణలో భాగంగానే చూడాలి. నేల కింద ఆ రెంటికీ మధ్య గోడ లేదు. లోషన్ మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా సెప్టిక్ ట్యాంకుల మీద పెడితే ఫలితం ఎక్కువ.

చిన్న ఊరికి ఇంత ఖర్చు భారమే. పేద కుటుంబం నడిపే సెనోటే మీద ప్రయోగశాల బిల్లు మోపడం న్యాయం కాదు. కాబట్టి పర్యాటకం వల్ల ఎక్కువ లాభపడే పెద్ద హోటళ్ల నుంచి, పన్నుల నుంచి ఆ ఖర్చు రావాలి. నీరు అందరిదీ అయినప్పుడు కాపలా ఖర్చు కూడా అందరిదీ కావాలి.

తెలుగు నేల కింద కూడా

ఇది సుదూర మెక్సికో గొడవ మాత్రమే కాదు. కడప, నంద్యాల, అనంతపురం, పల్నాడు జిల్లాల్లో విస్తారంగా సున్నపురాయి ఉంది. ఇళ్లలో నేలకు పరిచే నాపరాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లే రాయి అక్కడివే. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున ఆ రాయిలోనే నీరు తొలిచినవి. వాటి అట్టడుగున ఉన్న పాతాళగంగలో ఇప్పటికీ నీరు పారుతూ కనిపిస్తుంది. పల్నాడులోని గుత్తికొండ బిలంలో భక్తులు గుహ నీటిలో స్నానం చేస్తారు. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో పొలాలు ఉన్నట్టుండి కుంగి పెద్ద గుంతలు పడ్డాయి. జనం భయపడ్డారు, నిపుణులు వచ్చి చూశారు. సెనోటేలకు రూపమిచ్చిన ప్రక్రియకు దగ్గరి చుట్టమే అది.

యుకతాన్‌లాగా ఇక్కడ నీరు పైకి అంత దగ్గరగా లేదు, రాయి కూడా ఎన్నో కోట్ల ఏళ్లు పాతది, గట్టిది. అందుకే ఈతకు దిగే నీలి గుంతలు ఇక్కడ లేవు. కానీ రాయిలో పగుళ్లున్నచోట నీటి నడక తీరు అదే. బెలుం గుహలో ఒక భాగం 1980ల దాకా చుట్టుపక్కలవారు చెత్త పోసే చోటుగా ఉండేదన్నది గుర్తుంచుకోవాలి. పర్యాటక కేంద్రంగా మారాక 2002లో ప్రజలకు తెరిచారు, చెత్త ఆగింది. కనిపించని రంధ్రం చెత్తకుండీ అవుతుంది, చూడదగ్గ చోటైతే కాపాడతారు. ఒమున్‌లో జరిగినదీ, బెలుంలో జరిగినదీ ఈ విషయంలో ఒక్కటే.

అయితే చూడదగ్గ గుహ ఒక్కటి బాగుపడితే సరిపోదు. సున్నపురాతి నేలల్లో ఎండిపోయిన బావులను చెత్తతో పూడ్చడం, సెప్టిక్ ట్యాంకు ట్యాంకర్లను ఊరి బయట గుంతల్లో గుమ్మరించడం, క్వారీ నీటిలో వ్యర్థాలు కలపడం లాంటివి మామూలు నేలలో కంటే ఎక్కువ ప్రమాదకరం. మట్టి వడపోస్తుందిలే అన్న ధీమా ఆ నేలకు వర్తించదు. ఏ బోరు ఏ పగులుతో కలిసి ఉందో పైనుంచి చూసి చెప్పలేరు. హానిలేని రంగు నీటిని ఒకచోట పోసి, ఎక్కడ తేలుతుందో చూసే పరీక్షలు కార్‌స్ట్ ప్రాంతాల్లో చాలాకాలంగా చేస్తున్నారు. సున్నపురాతి మండలాల్లో కొత్త డంపింగ్ యార్డుకో ఫారానికో అనుమతి ఇచ్చేముందు అలాంటి పరీక్ష అడగడం పెద్ద కోరికేమీ కాదు.

సెనోటేకు వెళ్లే తెలుగు పర్యాటకులు లోషన్ ఇంట్లో వదిలి, పొడుగు చేతుల చొక్కా సర్దుకుని వెళితే మంచిదే. ద్వారం దగ్గర టికెట్ కొనేటప్పుడు 'ఈ నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఇక్కడి మురుగు ఎటు పోతుంది?' అని అడిగితే ఇంకా మంచిది. తిరిగి వచ్చాక అదే ప్రశ్న సొంత ఊరి పంచాయతీని అడగగలిగితే ఆ ప్రయాణానికి పెట్టిన ఖర్చు దండగ కానట్టే.